సగం టీ

తాయారమ్మ నోరంటే క్యాంప్ 2 కాలనీలో అందరికీ హడలే. భర్త సత్యమూర్తి డెబ్బై ఒకటి యుద్ధానికి వెళ్లొచ్చి, తర్వాత స్టీలు ప్లాంటులో చేరి, ఆమెను పెళ్లాడాడు. టీ ఎప్పుడిచ్చినా సగమే తాగి గ్లాసు పక్కన పెట్టేసేవాడు.

"ఆ సగం ఎవులికి ఒగ్గేత్తన్నావు?" అని ఆమె జీవితమంతా కసిరింది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

ఆదివారం మనవరాలు అమ్ము టీవీలో సూపర్‌హీరో సినిమా పెట్టింది. ఆ వరసలో నాలుగు సినిమాలు మామ్మకు ముందే చూపించింది. కొండల్ని ఎత్తే ఆ హీరో కూడా ప్రతి సినిమాలో టీ సగం వదిలేస్తాడు. "ఈడికీ అదే రోగం" అని తాయారమ్మ విసుక్కునేది.

"ఇది ఐదోది మామ్మా. కానీ కహానీ ఇక్కడే షురూ, మొదటి భాగం కంటే ముందు జరిగింది," అంది అమ్ము.

హీరోకి ఇంకా ఏ శక్తీ రాని రోజులు. యుద్ధం, మంచు, ఇద్దరు సిపాయిలకు ఒకటే మగ్గు. అతను సగం తాగి పక్కవాడికి అందించాడు. పక్కవాడు చెయ్యి చాపలేదు, అప్పటికే ప్రాణం పోయింది.

తాయారమ్మ చేతిలో టీ చల్లారిపోయింది.

"ఏమైంది మామ్మా?"

"మీ తాతని నేను రెండో భాగం నించే సూసేనమ్మా."