గేటు దగ్గర అత్త కుర్చీ

మా అత్త పోయింది. పోయిన వారం ఒకరోజు పొద్దున కాఫీ తాగి, ఇందులో చక్కెర వేశావా లేదా అని నన్ను దెప్పి, మంచం మీద వాలి మళ్లీ లేవలేదు. మార్కాపురంలో మా వీధివాళ్లకు ఆమె పేరు తెలియకపోవచ్చు. గేటు దగ్గర నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ముసలామె అంటే మాత్రం అందరికీ తెలుసు.

ఆమె పెద్దకొడుకే మా ఆయన, ఫైర్‌మన్. త్రిపురాంతకం వైపు ఒక పత్తి గోడౌన్ కాలుతుంటే లోపలికి పోయాడు. గోడ కూలి డ్యూటీలోనే చనిపోయాడు. అప్పటికి మా పాప ఇంకా బడికి కూడా పోవడం లేదు.

ఎక్స్‌గ్రేషియా, కుటుంబ పింఛను వస్తాయని, ఇంట్లో ఒకరికి ఉద్యోగం కూడా ఇస్తారని స్టేషన్ వాళ్లు చెప్పారు. ఆ మాట చెవిన పడగానే మా పెద్దలు తేల్చేశారు. పింఛను నాకు, ఉద్యోగం మరిదికి. నేను పాపను తీసుకుని పుట్టింటికి పోవాలి. ఇంటి ఉద్యోగం ఇంటి మగపిల్లాడిదేనని వాళ్ల నమ్మకం. నన్ను ఎవరూ అడగలేదు. మావాళ్లలో భర్త పోయిన మనిషి మూలగదిలో కూర్చోవాలి, పరాయి మగవాళ్ల ఎదుటికి రాకూడదు. గోడకు ఆనుకుని ఆ మాటలన్నీ విన్నాను. డిగ్రీ చదివాను, పనిచేసి పాపను పెంచుకోగలను. ఆ సంగతి చెప్పడానికి నోరు పెగల్లేదు.

వివరాలు రాసుకోవడానికి ఆఫీసరు వచ్చిన రోజు మగవాళ్లంతా కుర్చీల్లో కూర్చున్నారు. మా మామ తమ్ముడు మరిది పేరు చెప్పబోతుంటే, అత్త మరిదిని లేపి అతని కుర్చీని మూలగది గడప దాకా ఈడ్చుకొచ్చింది. నా చెయ్యి పట్టి బయటికి తెచ్చి, అందరి ఎదుటా అందులో కూర్చోబెట్టింది.

"ఈ పిల్లను అడగండి సారూ. నా కొడుకు ఇంటిని దీని చేతిలో పెట్టి డ్యూటీకి పోయినాడు. ఉద్యోగం దీనిది."

మరి చిన్నోడి సంగతేందని మామ తమ్ముడు అడిగాడు.

"వానికి కాళ్లూ చేతులూ ఉండాయి. నేనుండా," అంది అత్త.

అప్పుడు నాకు గొంతు వచ్చింది. నేను చేస్తానని చెప్పాను. ఆఫీసరు రాసుకుని, పెళ్లయిన ఉద్యోగి చనిపోతే తమ్ముడికి ఆ ఉద్యోగం ఎలాగూ రాదని నెమ్మదిగా అన్నాడు. కానీ అత్తకు ఆ రూలు తెలియదు. కన్నకొడుక్కు ఇప్పించుకోవచ్చు అనుకుంటూనే నన్ను ఎంచుకుంది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

దాంతో ఆమె నాతో మెత్తబడిందనుకోకండి. నేను ఫైర్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరిన రోజు కూడా నా జొన్నరొట్టె అంచులు పగిలాయని సాధించింది. క్యారేజీలోకి మాత్రం తనే చేసి పెట్టింది.

మా ఇల్లు స్టేషన్‌కు పోయే దారిలోనే ఉంది. గంట కొట్టుకుంటూ ఫైరింజను పోతే వీధంతా బయటికి వస్తుంది. అత్త వచ్చేది కాదు. అది తిరిగొచ్చే వేళకు ఆ నీలం కుర్చీ, నన్ను కూర్చోబెట్టిన కుర్చీయే, గేటు దగ్గర వేసుకునేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"పోయేటప్పుడు ఊరంతా చూస్తాది. వచ్చేటప్పుడు ఎవరో ఒకరు చూడాల గదా."

బండిలో వాళ్లకూ అది అలవాటైపోయింది. మా గేటు దగ్గర నెమ్మది చేసి, తలలు బయటపెట్టి ముఖాలు చూపించేవాళ్లు. అందరూ కనిపించాకే ఆమె చెయ్యెత్తి, కుర్చీ తీసుకుని లోపలికి వచ్చేది.

నిన్న సాయంత్రం ఇంటి నిండా చుట్టాలున్నారు. బేస్తవారిపేట వైపు గడ్డివాము ఆర్పడానికి పోయిన బండి తిరిగొస్తున్న చప్పుడైంది. ఆ రోజు లేచి కుర్చీ ఇచ్చిన మా మరిది లోపలినుంచి దాన్ని తెచ్చి గేటు దగ్గర వేశాడు.

"కూర్చో వదినా. బండి వస్తాంది," అన్నాడు.

కూర్చున్నాను. బండి నెమ్మదించింది. మసి పట్టిన ముఖాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అందరూ ఉన్నారు. నేను చెయ్యెత్తాను.