సాలుకు అడ్డొచ్చిన రేగుచెట్టు

పదకొండేళ్లుగా ఒక చెట్టు చావును మోస్తున్నాను. చెట్టు ఒక్కటే అయితే ఇంత బరువుండేది కాదు. ఆ నేరం మరొక మనిషి మీద పడింది. పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

నేను లెక్క తప్పని మనిషిని. ఏ రోజు ఎంత వాన కురిసిందో, ఏ తేదీన ఏ చెలకలో గింజ పడిందో దినచర్యలో రాసుకుంటాను. ఈ ఒక్క పని మాత్రం రాయలేదు. రాయకపోతే మరిచిపోతానని అనుకున్నానా?

మంచిర్యాలకు కొంత దూరంలో మా పత్తి చెలక. పక్క చెలక రాజవ్వది. నాకు వరుసకు పెద్దవ్వ. రెంటికీ నడుమ గట్టు మీద ఒక అడవి రేగుచెట్టు ఉండేది. ఎవరూ నాటింది కాదు. రాలిన పండ్లు రాజవ్వే ఏరేది. మిరపకాయలు, బెల్లం, ఉప్పు వేసి దంచి, వడియాలు పెట్టి వాడంతా పంచేది. మా ఊళ్లో ఒక కట్టడి ఉంది. తొలి పండ్లు పోచమ్మ గద్దె మీద పెట్టనిదే ఎవరూ నోట వేసుకోకూడదు.

ఆ చెట్టు నాకేం చేసింది? నా సాళ్లు దారం పట్టి గీసినట్టు ఉండాలి. గట్టు దాటి నా వైపు ఒరిగిన ఆ చెట్టు దగ్గరికి వచ్చేసరికి సాలు వంకర తిరిగేది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని నాలో ఎన్నోసార్లు వెతికాను. దొరకలేదు. నరికితే ఊరు అడుగుతుంది. పైగా రేగు మళ్లీ చిగురిస్తుంది. అందుకని ఆ ఏడు, పిందె పడుతున్న రోజుల్లో, చెట్టు మొదలు దగ్గర మట్టి తవ్వి, చుట్టూ జానెడు వెడల్పున బెరడు ఒలిచి, తిరిగి మట్టి కప్పాను.

ఆ చలికాలం చెట్టు ఎన్నడూ లేనంతగా కాసింది. పండు ఎన్నడూ లేనంత తీపి. బెరడు తెగితే ఆకుల్లో తయారైన తీపి వేళ్లకు దిగలేక పండ్లలోనే నిలిచిపోతుందని తరువాత తెలుసుకున్నాను. ఆ వాసనకు ఆగలేక రాజవ్వ గద్దెకు పెట్టకముందే ఒక్క పండు నోట్లో వేసుకుంది. ఎవరో చూశారు. ఎండాకాలం పోయి వానలు పడ్డా చెట్టు చిగురించలేదు.

“అమ్మకన్న ముందుగాల తిన్నది. చెట్టును మింగింది” అన్నారు. ఆమె చేతి వడియాలు పిల్లలెవరూ తీసుకోలేదు. ఆమె కూడా ఆ మాటే నమ్మింది. అప్పటినుంచి బోనం కోడలి నెత్తిన పంపి, తాను గద్దెకు దూరంగా, చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఎండిన మోడును నేనే ట్రాక్టరుతో పెకిలించాను.

పోయిన చలికాలం ఒక పొద్దున ఆమె వాకిట్లో కూర్చుని చెప్పాను.

“పెద్దవ్వా, రేగుచెట్టును సంపింది నేనే. మొదట్ల బెరడు చెక్కిన.”

ఆమె నవ్వింది. “గిట్ల చెప్పుమని ఎవలు పంపిర్రు? నా కోడలా?”

“ఎవ్వలు పంపలే. సాలు సక్కగ వస్తలేదని చెక్కిన.”

“సాలు కోసం కాసే చెట్టును సంపుతర్రా ఎవలన్న? అబద్ధమన్న జర మంచిగ చెప్పు.”

“నిజమే పెద్దవ్వా.”

“నేను తిన్న పండు నాకెరుక లేదా కొడుకా? గంత తీపి ఎన్నడు లేకుండె. గది అమ్మకు రావల్సిన పండు. నా మనసు నిమ్మలం చేద్దామని వచ్చినవు. నీ కడుపు సల్లగుండ.”

ఆ తీపి నా కత్తి వల్ల వచ్చిందని చెప్పాను. అప్పటికే ఆమె నా తల నిమురుతోంది. ఆ చేతి కింద నుంచి లేచే శక్తి నాకు లేకపోయింది. చూపించడానికి మోడు కూడా మిగల్చుకోలేదు.

ఊరి ముందు చెప్పవచ్చు కదా అని మీరడగవచ్చు. నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చెప్పగలిగిన మాట పదిమందిలో ఎందుకు రావడం లేదు? ఆమె నమ్మదనా, వాళ్లు నమ్ముతారనా?

ఈ ఏడు కూడా సాళ్లు తిన్నగా వచ్చాయి. బోనాల నాడు ఆమె ఎప్పటిలాగే దూరంగా నిలబడింది.

ఆ చెట్టును చంపింది నేను. ఆమె నమ్మలేదు. మీరు నమ్మండి.