సాహెబుకి గులాబీ రుమాలు

ఆ రోజుల్లో కుళ్ళుకోవడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికి కోడలిగా వచ్చి, కళ్ళముందు పట్టుచీరలు తయారవుతుంటే నూలుచీర కట్టుకుని తిరిగేదానికి అసూయ దానంతటదే వస్తుంది. తొలి పెళ్ళిరోజుకి గులాబీరంగు చీర నేసిస్తానని మా ఆయన మాటిచ్చాడు, పట్టు కూడా తెచ్చాడు. అంతలో హిందూపురం నుంచి ఒక సర్దార్జీ (లారీ సామాన్ల అంగడాయన) వచ్చి, తమ సాహెబుకి కప్పడానికి పట్టు 'రుమాలా', అంటే పెద్ద పట్టుగుడ్డ, కావాలన్నాడు. నా గులాబీ పట్టు కాస్తా రుమాలు పాలైంది.

ఎవరా సాహెబు అని ఆరా తీశాను. సర్దార్జీ వచ్చీరాని తెలుగులో చెప్పిందాన్ని మా ఆయన అప్పజెప్పాడు. ఆయనకి ప్రత్యేకంగా గదట, ఎత్తయిన గద్దె, దిండ్లు, పైన చాందినీ. పక్కన నిలబడి వింజామర వీస్తారట. రాత్రి పడుకోబెట్టి తెల్లవారి మళ్ళీ మోసుకొస్తారట. మంచాన పడ్డ ముసలాయన కాబోలని ఇద్దరమూ అనుకున్నాం. జాలిపడాల్సింది పోయి నేను మండిపడ్డాను.

"పండుకున్నోనికి పట్టు, పనిజేసేదానికి నూలా?" అన్నాను.

"ముసలాయనతో నీకు పోటీ ఏందే?" అన్నాడు, మగ్గం ఆపకుండానే.

రుమాలా ఇచ్చిరావడానికి ఆయన బయల్దేరితే నేనూ పట్టుబట్టి బస్సెక్కాను. పెనుకొండలో బత్తాయిలు కొన్నాను, రోగిష్టి మనిషి దగ్గరికి వట్టి చేతులతో పోకూడదు కదా. హిందూపురంలో దిగి సర్దార్జీ చెప్పిన చోటికి పోతే, గుమ్మంలోనే ఆయన భార్య మా చేత చెప్పులు విప్పించి, చేతులు కడిగించి, తలమీద కొంగు కప్పుకోమంది. లోపల అందరూ నేలమీద కూర్చున్నారు.

"పెద్దాయనకి ఒళ్ళెట్ల ఉండాదక్కా?" అని మెల్లగా అడిగాను.

ఆమె నవ్వు ఆపుకుని గద్దె వైపు చూపించింది. దిండ్ల మీద పెద్ద పుస్తకం ఉంది. "సాహెబంటే ఆ గ్రంథమే, అదే మా గురువు చెల్లీ" అంది. నా బత్తాయిలు గద్దె ముందు పెట్టించింది.

అసూయ అక్కడితో చావాలి. చావకపోగా ఇంకా పెరిగింది, ఈసారి పట్టు గురించి కాదు. ఒకాయన ఆ గ్రంథం చదువుతుంటే పిల్లలతో సహా ఎవరూ మాట అడ్డం వేయలేదు. భాష ఒక్క ముక్క రాని మా ఆయన కూడా నెత్తిన తువ్వాలు కప్పుకుని, చేతులు జోడించి వింటున్నాడు. ఇంట్లో నేను కూర ఏం వండాలని అడిగితే ఆయన నుంచి జవాబు రాదు.

తిరుగు బస్సులో మూతి ముడుచుకున్నాను. ఏమైందని అడిగాడు. "నాకు చీర వద్దులే. నేను మాట్లాడేతప్పుడు ఒగసారి అట్ల కూసోని విను, చాలు" అన్నాను.

"ఆఁ? ఏమంటివి?" అన్నాడు.

చీర దసరాకి నేసిచ్చాడు. అది కట్టుకుని ఊరంతా తిరిగిన ఆ పిల్లని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. ఇదంతా రాయడం కూడా, మీరైనా మధ్యలో లేచిపోకుండా వింటారనే.