చాముండేశ్వరి తప్పుగా చదివిన స్కోరుబుక్కు

చాముండేశ్వరి ఒకరిచేత మాట పడే మనిషి కాదు. బ్రాంప్టన్‌లో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే ఉద్యోగం ఆవిడది. బెల్టు మీద బారులు తీరి పోతున్న బిస్కెట్లలో అంచు మాడినదాన్ని ఇట్టే వేలు పెట్టి చూపిస్తుంది. ఆవిడ చెప్పింది తప్పని నిరూపించే మొనగాడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదని భర్త జనార్ధనరావు అంటుంటాడు, అదీ ఆవిడకు వినపడేలాగే.

తండ్రి వీర్రాజు కాకినాడలో క్రికెట్ మ్యాచ్‌లకు స్కోరు రాసేవాడు. ఆయన పక్కన కూర్చుని కూర్చుని పదేళ్లకే ఆవిడకు చెయ్యి తిరిగింది. కెనడా వచ్చిన కొత్తలో ఒక శనివారం పార్కులో నడుస్తుంటే, బేస్‌బాల్ టీము కోచ్ గ్లెన్ స్కోరు రాసే మనిషి రాలేదని తల పట్టుకుని కనిపించాడు. "ఆ పెన్ను ఇటివ్వండి" అని స్కోరు బల్ల దగ్గర కూర్చుంది. ఆట రూల్సు ఆట నడుస్తుండగానే నేర్చుకుంది. ఆ రోజు నుంచి ఆ బల్లా ఆవిడదే, ఆ బుక్కూ ఆవిడదే.

2023 వేసవిలో ఆ టీముకి కిరీటిని పట్టుకొచ్చిందీ ఆవిడే. అప్పటికి ఊళ్లో ఏ బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే. ఆవిడ ఇంటి కింద ముగ్గురుండేవారు. వాళ్లలో నరసరావుపేట నుంచి వచ్చిన కిరీటి పొద్దున కాలేజీకి, మధ్యాహ్నం వేర్‌హౌస్‌కి పరిగెత్తేవాడు. స్టూడెంట్లు వారానికి ఇరవై గంటలే పని చెయ్యాలన్న రూలు ఆ ఏడు పక్కన పెట్టారు కాబట్టి ఎప్పుడు పిలిస్తే అప్పుడు షిఫ్టుకి వెళ్లేవాడు. జిల్లా టీముకి బౌలింగ్ వేశానని ఒకరోజు మాటల్లో అన్నాడు. అంతే, శనివారానికల్లా గ్రౌండులో ఉన్నాడు. మోచెయ్యి వంచకుండా వేసేవాడికి వంచి విసరడం అలవాటయ్యేసరికి రెండు వారాలు పట్టింది.

ఆ తర్వాత మే, జూన్ నెలల్లో వాణ్ని ఆపినవాడు లేడు. వాడి బంతి తిన్నగా వచ్చినట్టే వచ్చి చివర్లో పక్కకు తప్పుకునేది. బ్యాటర్లు గాలిని కొట్టి తెల్లమొహాలు వేసేవారు. ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే గొప్పనుకునే టీము జూన్ మూడో వారానికే ఆరు గెలిచింది. క్లాసులో వాడో నంబరు, వేర్‌హౌస్‌లో ఇంకో నంబరు. ఈ గ్రౌండులో మాత్రం పాతికమంది వాడి పేరు పెట్టి అరిచేవారు. సరిగ్గా పలకలేకపోయినా అరిచేవారు. శనివారం కోసమే వాడు మిగతా ఆరు రోజులూ లాగుతున్నాడని చాముండేశ్వరికి తెలుసు.

జూన్ ఆఖరి వారం నుంచి ఏమొచ్చిందో ఏమో, వాడి బంతి పక్కకు తప్పుకోవడం మానేసింది. ప్రతివాడూ బాదాడు. గ్లెన్ వచ్చి బల్ల ముందు నిలబడితే చాముండేశ్వరి బుక్కు తిప్పి చూపించింది. మే మొదట్లో మ్యాచ్‌కి ఎనభై ఎనిమిది బంతులు, జూన్‌లో నూటపదిహేడు, ఆ పై వారం నూట ఇరవై ఒకటి.

"చెయ్యి అలిసిపోయింది. పిల్లాడు మనిషా, మిషనా? మూడు వారాలు కూర్చోబెట్టండి," అంది.

ఆవిడంత ధీమాగా చెప్పాక గ్లెన్ మాత్రం ఏమంటాడు? కూర్చోబెట్టాడు. కిరీటి మూడు శనివారాలు కంచె అవతల నిలబడి చప్పట్లు కొట్టాడు. జులై ఆఖర్లో తిరిగొచ్చి, నిద్ర లేచినంత తాజా చెయ్యితో, తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో రెండింటికే ఏడు పరుగులిచ్చాడు.

గ్లెన్ ఇక మొహమాటపడలేదు. వేరే టీములోంచి బంతి విసిరే పిచ్చర్ని ఒకణ్ని మాట్లాడాననీ, పేర్ల జాబితాలో ఖాళీ లేదనీ, ఈ సోమవారం కాక పై సోమవారం గడువులోగా కిరీటి పేరు తీసి అతని పేరు రాస్తాననీ చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి చాముండేశ్వరికి అన్నం సహించలేదు. వాడి పేరు పోతుందన్న బాధ ఒకటి. తన మాట పట్టుకునే వాణ్ని కూర్చోబెట్టారన్న ముల్లు ఇంకొకటి. ఆదివారం సాయంత్రం బుక్కు తీసి మే నెల నుంచి ఒక్కో పేజీ మళ్లీ చూసింది.

కొత్త బంతి వచ్చినప్పుడల్లా పేజీ అంచున చిన్న చుక్క పెట్టడం వీర్రాజుగారి పద్ధతి. బేస్‌బాల్‌లో దాంతో పనేమీ లేదు. గ్లెన్ ఎన్నోసార్లు నవ్వాడు కూడా. అయినా తండ్రి నేర్పిన చెయ్యి కదా, ఆ చుక్క మానలేదు. మే నెల పేజీల్లో మ్యాచ్‌కి నాలుగో ఐదో చుక్కలున్నాయి. జూన్ ఆఖరి వారం నుంచి ముప్పైకి తగ్గలేదు. అంచంతా ఆవాలు చల్లినట్టుంది.

అప్పుడు గుర్తొచ్చింది. సరిగ్గా ఆ వారమే ఊళ్లో ఒక సామాన్ల కొట్టువాళ్లు టీముకి పెట్టెల కొద్దీ బంతులిచ్చారు. అంతకుముందు గీరుకుపోయిన ఆ నాలుగు బంతుల్నే తిప్పి తిప్పి ఆడేవాళ్లు. ఇప్పుడు బంతి నేలకు తగిలితే చాలు, అంపైర్ కొత్తది తీస్తున్నాడు.

కిరీటిని పిలిచింది. "మీ ఊళ్లో కొత్త బంతి నీకిచ్చేవాళ్లా?"

"లేదాంటీ. నాది పాత బంతే. ఓ పక్క గరుకెక్కాకే నాకిచ్చేవాళ్లు. బొటనవేలితో తడిమి చూసుకుని వేసేవాణ్ని."

"ఇక్కడా అలాగే తడుముతున్నావా?"

వాడు ఆలోచించాడు. "తెలీకుండానే తడుముతానేమో."

మంగళవారం ఎనిమిది గంటల షిఫ్టు దిగి వచ్చినవాణ్ని స్నానం కూడా చేయనివ్వకుండా గ్రౌండుకి తీసుకెళ్లింది. అలిసిన చెయ్యే కావాలి ఆవిడకు. పాత బంతులతో పదిసార్లు, కొత్తవాటితో పదిసార్లు వల మీదకు విసరమని, తాను వల వెనక నిలబడింది. పాతవి పదింటికి తొమ్మిది పక్కకు తప్పుకున్నాయి. కొత్తవి పదికి పదీ బుద్ధిమంతుల్లా తిన్నగా వచ్చాయి.

"చూశావా? నీ చెయ్యి భేషుగ్గా ఉందిరా. అలుపూ లేదు, ఏమీ లేదు. నీకు కొత్త బంతి వెయ్యడం రాదు, అంతే," అంది గెలిచినట్టు.

వాడు సంతోషిస్తాడనుకుంది. వాడి మొహం ఎర్రబడింది. "అలిసిపోయానని మీరే కదా ఆంటీ అన్నారు? అదే బాగుంది."

"బాగానే ఉంటుంది. అలిసిపోతే మన తప్పుండదు మరి."

వాడు బంతులు ఏరుకుని సంచీలో వేశాడు. ఇంటి ముందు కారు దిగేటప్పుడు, "ఎవరు నేర్పిస్తారు?" అన్నాడు.

"నాకు రాదు. టీములో ఆ ప్లంబర్ పీట్ ఉన్నాడుగా, వాడి కొత్త బంతి తిరుగుతుంది. వెళ్లి అడుగు."

కిరీటికి అది చేదు మందే. ఇదివరకు పిచ్చరుగా ఉన్న పీట్ స్థానాన్ని తీసుకున్నవాడు తను. అయినా మర్నాడే వెళ్లాడు. పీట్ నవ్వి, కుట్టు మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో, మణికట్టు ఎప్పుడు తిప్పాలో మూడు సాయంత్రాలు నేర్పాడు.

చేదు మందు చాముండేశ్వరికీ తప్పలేదు. శనివారం ఆట మొదలవక ముందు టీమంతా వింటుండగా గ్లెన్ దగ్గరికెళ్లింది. "నేను తప్పు చెప్పాను. రాసింది తప్పు కాదు, చదివింది తప్పు. వాడి చెయ్యి అలిసిపోలేదు," అని చుక్కల సంగతంతా చెప్పింది. "ఈ ఒక్క మ్యాచ్ ఇవ్వండి. సోమవారం మీ ఇష్టం."

గ్లెన్ గడ్డం గోక్కున్నాడు. ఇన్నేళ్లలో ఆవిడ నోట తప్పన్న మాట వినలేదు. అందుకే ఒప్పుకున్నాడేమో.

మొదటి ఇన్నింగ్స్‌లోనే మూడు పరుగులు పోయాయి. గ్లెన్ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల ఎత్తలేదు, రాసుకుంటూ కూర్చుంది. మూడో ఇన్నింగ్స్‌కి కొత్త బంతి కొంచెం కిందికి జారింది. ఐదోదానికి బాగా జారింది. బ్యాటర్లు మళ్లీ తెల్లమొహాలు వేశారు.

చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఆధిక్యం. ఇంకొక్కడు అవుటయితే చాలు. అవతలి టీము వాళ్లిద్దరు పరుగుకి సిద్ధంగా బేసుల మీదున్నారు. అంతకుముందు బంతి తీగల కంచెకు గీసుకుని తిరిగొచ్చింది. గీత కనిపిస్తే బంతి మార్చాల్సిందే గానీ, అంపైర్ చూడలేదు. కిరీటి బొటనవేలు దాన్ని తడమడం చాముండేశ్వరికి బల్ల దగ్గరి నుంచే కనపడింది. వెయ్యరా, అనుకుంది. ఎవరూ అడగరు, ఎవరికీ తెలీదు, వెయ్యి. అలా అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడింది గానీ, ఆ క్షణాన మనసారా అనుకుంది.

కిరీటి ఆ బంతిని ఒకసారి చూసుకున్నాడు. అంపైర్‌కి విసిరేసి, కొత్తది ఇమ్మని చెయ్యి చాపాడు.

దాంతోనే వేశాడు. బ్యాటర్ గట్టిగానే ఊపాడు. బంతి బ్యాటు కిందనుంచి జారి క్యాచర్ చేతిలో పడింది. మూడోసారీ తప్పితే బేస్‌బాల్‌లో అవుటే, ఆట అయిపోయింది. పాతికమంది ఒక్కసారి వాడి పేరు అరిచారు, ఎప్పటిలాగే తప్పుగా.

గ్లెన్ బల్ల దగ్గరికొచ్చి ఎన్ని బంతులని అడిగాడు. నూట ముప్పై రెండు. ఆ టీములో ఎవరూ అన్ని వెయ్యలేదు. సోమవారం జాబితా మార్చే పని లేదని చెప్పి వెళ్లిపోయాడు.

కిరీటి వచ్చి ఆవిడ పక్కన కూలబడ్డాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడంచేత్తో నీళ్ల సీసా మూత తియ్యబోయాడు, రాలేదు.

"చెయ్యి పడిపోతోందాంటీ. నిజంగా అలిసిపోయా," అన్నాడు నవ్వుతూ.

"ఇటు తే," అని చాముండేశ్వరి సీసా తీసుకుని మూత తిప్పి ఇచ్చింది. "ఇప్పుడు అలిసిపోరా నాయనా. ఎంతసేపు కావాలంటే అంతసేపు."