తాడుకు కిందికి జారిన సుపారీ వరస

“స్థలాల లిస్టులో మన పేరు ఎక్కిందంట,” అన్నాడు మా ఆయన, గుమ్మంలో చెప్పులేసుకుంటూ.

“ఎక్కితే ఇల్లు కట్టు మరి. మాటలెందుకు?” అన్నాను నేను.

మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. ఆ మధ్యాహ్నం రోడ్డు పనిలో గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. తరవాత ఆయన చోట నన్ను రోజుకూలీగా గ్యాంగులోకి తీసుకున్నారు. వానాకాలంలో కొండ విరిగి రోడ్డు మీద పడ్డ మట్టిని ఎత్తిపోయడం మా పని.

నేను చెప్పేది కరోనా తగ్గిన మరుసటి ఏడాది సంగతి. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌కి బస్సులో గంట దూరాన మా ఊరు. వానలు వెనకబట్టాక ఒక సర్వే టీము వచ్చింది. తుప్పలు కొట్టి దారి చూపించే మనిషి కావాలంటే మా సూపర్‌వైజరు నన్ను పంపాడు. టీముకి పెద్ద కావేరి మేడం. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లే, మాటలో సగం హిందీ.

మొదటి రోజే లాప్‌టాప్‌లో మా ఊరిని ఆకాశం నుంచి చూపించింది. మా మరిది ఇంటి నీలం రేకు నేనే గుర్తుపట్టి చిన్నపిల్లలా కేక పెట్టాను. ఆ ఇంటి వరండాలోనే నా కాపురం.

“ఈ నల్లాలోకి, అదే మీ వాగులోకి, ఎక్కడెక్కడి వాననీళ్ళు దిగుతాయో ఆ జమీన్ అంతా బేసిన్, దీదీ,” అని వేలితో గీసింది మేడం. కొండ వాలు ఒక పొర, మట్టి ఒక పొర, వాగు ఎంత దూరమో ఒక పొర, పైనున్న చెట్టూ చేమా ఒక పొర. వాటిని గాజు కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పరిస్తే, కొండ ఎక్కడ జారొచ్చో రంగుల్లో తేలుతుంది. ఎరుపు ప్రమాదం, పసుపు అనుమానం, పచ్చ ఫరవాలేదు. దీన్ని జీఐఎస్ అంటారు. పైనుంచి కనబడింది నిజమో కాదో కాళ్ళతో నడిచి చూసుకోవడం గ్రౌండ్ ట్రూత్. నన్ను పెట్టుకున్నది ఆ నడకకి.

పడ్డ మట్టిని మూడేళ్ళు ఎత్తినదాన్ని. పడకముందే చెప్పే పని ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. మరునాడు టీము కంటే ముందే వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాను.

ఆ రోజు వెళ్ళిన కొండ మ్యాపులో ముదురు పచ్చ. దాని కిందున్న చదును నేలలోనే మా పదకొండు కుటుంబాలకి ఇళ్ళ స్థలాలు ఇస్తామన్నారు.

“ఇదంతా జంగలే కదా, దీదీ? పెద్ద చెట్ల వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. కింద ఇళ్ళు కట్టొచ్చని రాసేస్తాను,” అంది మేడం.

అది అడవి కాదు. పాత సుపారీ తోట, అంటే వక్కతోట. యజమాని వదిలేసి పోయాక తీగలు కమ్మేశాయి. ఆ మొక్కలు నాటింది నేనూ మా ఆయనా. అయినా నేను “ఆఁ” అన్నాను.

సాయంత్రం మా తోడికోడలు సత్యవతి, అంటే నేను చెబుతుంటే ఇప్పుడు ఇది రాస్తున్న పద్మ వాళ్ళమ్మ, పొయ్యి దగ్గర నుంచే అడిగింది.

“ఏటక్కా, మీ స్థలాలు పచ్చగా ఉన్నాయంట గదా? నువ్వెళ్తే వరండాలో నా మేకలు కట్టుకుంతాను.”

“కట్టుకో.”

“మరి మొహమేటి అలాగున్నాది? మేకల మీద కోపమా?”

నవ్వలేకపోయాను. పొద్దున్నే తాడు భుజానేసుకుని మేడం దగ్గరికి వెళ్ళాను.

“నిన్న అబద్ధం ఆడినాను, మేడం. అది జంగల్ కాదు. సుపారీ తోట. నాటింది మేమే.”

“ఇన్ని తీగల్లో ఎలా తెలుస్తుంది? పక్కా?”

“రండి, సూపిస్తాను.”

సుపారీని కొండకి అడ్డంగా, తాడు పట్టి తిన్నగా నాటుతారు. అప్పుడు ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఒక కొస నేను. వరస మొదటి చెట్టు ఒక బండ పక్కన, చివరి చెట్టు ఇంకో బండ పక్కన ఉన్నాయి, అక్కడ నేల కదలదు. తీగలు కొట్టి ఆ రెంటికీ తాడు బిగించి కట్టాం. మొదటి మూడు చెట్లూ తాడుని ఆనుకున్నాయి. నాలుగోది జానెడు కిందుంది. నడిమి చెట్లు తాడుకి రెండు బారల కిందికి జారి, లోయవైపు ఒరిగి, తలలు మాత్రం పైకి తిప్పుకుని ఉన్నాయి.

“అరే బాప్‌రే. దీదీ, ఇవి నడిచాయి.”

“సెట్లేటి నడుస్తాయి, మేడం. నేలే నడిచింది.”

సుపారీ వేళ్ళు పైపైనే ఉంటాయి, కొండని పట్టి ఉంచలేవు. రాలిన మట్టలు తీస్తే కింద పగులు. నా కత్తి పిడిదాకా దిగింది. ఇక మాకు కాలు నిలవలేదు. మేడం ఫోటోలు తీస్తూ జారిపడి, లేచి మళ్ళీ తీసింది. నేను తాడుతో వరస నుంచి వరసకి పరుగెత్తాను. మూడు వరసలు చూశాం, మూడూ నడుమ దిగాయి.

మేడం బండ మీద కూర్చుని, అడవి అని ఉన్న ముక్కని తోటగా మార్చి, పగులు ఉన్న చోట్లు గుర్తుపెట్టి, లెక్క మళ్ళీ నడిపించింది. పచ్చ పోయి పసుపొచ్చింది. దాని నడుమ నుంచి ఎరుపు కిందికి దిగింది. నేను చప్పట్లు కొట్టాను. అప్పుడు చూశాను, ఎరుపు మా స్థలాల దాకా వచ్చి ఆగింది.

“అందులో నాదీ ఉంది, మేడం,” అన్నాను.

ఆమె లాప్‌టాప్ నావైపు తిప్పింది. “మరి రాయనా?”

“రాయండి. ఇల్లు కట్టినాక రాస్తారేటి?”

లిస్టు ఆపేశారు. వాగు అవతల వేరే నేల చూస్తున్నారంటున్నారు, ఇంకా ఇవ్వలేదు. కొందరు నాతో మాటలు మానేశారు. “ఆ కొండ పడాలక్కా, లేపోతే ఊరు నిన్ను బతకనివ్వదు,” అంది సత్యవతి. పడకపోతేనే మంచిదన్నాను. ఇప్పటికీ పడలేదు. ప్రతి వానకీ నేను తాడు తీసుకెళ్ళి చూసొస్తాను. వరస ఏటేటా ఇంకాస్త దిగుతోంది.

మిగతా బేసిన్ అంతా మేడం నన్ను వెంటబెట్టుకునే తిరిగింది. ఏది అడవి, ఏది పాత తోట, వాగు ఎక్కడ దారి మార్చిందో నేను చెబుతుంటే మ్యాపు నా కళ్ళ ముందే రంగులు మారింది. నా బతుకులో అంత సంబరంగా చేసిన పని ఇంకొకటి లేదు.

ఆ పని నేర్చుకునేవాళ్ళకి ఒక మాట. ఆకాశంలోని యంత్రం అబద్ధం చెప్పలేదు, దానికి కనబడిందే చెప్పింది. అబద్ధం చెప్పింది పక్కనున్న మనిషి, అంటే నేను. ఊరివాళ్ళని నేల సంగతి అడిగేటప్పుడు, ఆ నేలలో నీకేమైనా ఉందా అని కూడా అడగండి. మేడం ఇప్పుడు అందరినీ ముందు అదే అడుగుతోంది.

పద్మా, పెద్దమ్మ మీద జాలితో నేను “ఆఁ” అన్న చోటు మెత్తగా మార్చి రాశావేమో. మొదటి నుంచి చదువు, వింటాను.