ఏడు బస్సుల అవతలి బడి

రాజనర్సు బస్‌స్టాపులో నిలబడగా చూశామని దుబ్బాకలో ఎవరైనా అంటే నమ్మనక్కర లేదు. అతను నిలబడడు. బస్సు రావడానికి ఐదు నిమిషాలుందంటే, ఆ ఐదు నిమిషాలూ అతని అరికాళ్ళలో చీమలు పాకుతాయి. "ముందటి స్టేజీల ఎక్కుత తియ్" అని నడక అందుకుంటాడు. సరిగ్గా రెండు స్టేజీల నడుమ ఉన్నప్పుడు బస్సు అతని పక్క నుంచే దుమ్ము లేపుకుంటూ పోతుంది. దానికీ అతను బాధపడడు. ముందు ఇంకో స్టేజీ ఉంటుంది కదా! ఒకసారి ఇలాగే నడిచి నడిచి సిద్దిపేట చేరాడట. చాయ్ తాగి, పని చూసుకుని తిరిగి వస్తుంటే, పొద్దున తాను ఎక్కవలసిన బస్సు హబ్షీపూర్ దగ్గర టైరు మార్చుకుంటూ ఎదురైందట. చక్రం బిగించడానికి రాజనర్సు ఒక చెయ్యి కూడా వేశాడని కండక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇలాంటి మనిషి చేసే పని మగ్గం నేత. పొద్దంతా కూర్చుని తువ్వాలలు నేయాలి. ఎలా కూర్చోగలడంటే, మగ్గం గుంతలో కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి కాబట్టి. కాళ్ళు ఆడినంతసేపే అతని మనసు ఒకచోట ఉంటుంది. గడప దగ్గర చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే భార్య సంగీత అప్పుడప్పుడు అంటుంది: "గా తొక్కుడు రోడ్డు మీద తొక్కితే ఈపాటికి కాశికి పోయి వొద్దువు."

వాళ్ళకు ఒక్కతే బిడ్డ, దీక్షిత. నాలుగో తరగతి. బస్సు ఆ పిల్లకు పడదు. ఎక్కిన పావుగంటకు మాట ఆగుతుంది, తర్వాత గుటకలు, ఆ తర్వాత పెదవులు తెల్లబడతాయి, ఆపైన పక్కన కూర్చున్నవాళ్ళ అదృష్టం. పోయినేడు సిద్దిపేటలో ఒక ప్రైవేటు బడిలో వేశారు. వ్యాను డ్రైవరు రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు సందు మలుపులో పిల్ల కనబడగానే వ్యాను వేగం పెంచాడు. ఆ చదువు అక్కడితో సరి.

ఊరి బడిలో దీక్షితకు చదువు చెప్పే శ్వేత టీచర్ అంది: "గురుకులం పరీక్ష రాయించుండ్రి. ఐదుల చేరితే ఇంటర్ దాక ఆడనే ఉంటది, రోజూ బస్సు గొడవ ఉండదు. లెక్కలల్ల మీ పిల్లకు తిరుగు లేదు."

పరీక్షకు దరఖాస్తు పెట్టేటప్పుడే మూడు బళ్ళ పేర్లు వరుసగా రాయాలి. మార్కులు వస్తే ముందు రాసిన బడే ఇస్తారు. ఒక్కసారి పంపితే మారదు. ఈ మాట నెట్ సెంటర్ నడిపే దత్తాత్రి చెప్పిన రోజు నుంచి రాజనర్సుకు మగ్గం మీద కూడా మనసు కుదరలేదు. ఒకటి సిద్దిపేటలోనే ఉన్న బడి. ఇంకొకటి దౌల్తాబాద్ వైపుది. మూడోది సిద్దిపేట దాటి, కరీంనగర్ తోవలో చాలా దూరాన.

ఏది ముందు రాయాలో తేల్చుకోవడానికి అతనొక కొలత కనిపెట్టాడు. హాస్టలు పిల్లలను చూడడానికి తల్లిదండ్రులను నెలలో రెండో ఆదివారం రానిస్తారు. అందరూ డబ్బాలో కూర కట్టుకుని పోతారు. కాబట్టి కూర ఎక్కడికి వేడిగా చేరితే అదే బడి.

"కోడి కూర వండు" అన్నాడు పొయ్యి దగ్గరికి వచ్చి.

"ఎవలొస్తున్రు?"

"ఎవలు లేరు. బడికి కొండవోయి సూడాలె, ఎంత సేపట్ల సల్లారుతదో."

"గా సూసుడేందో పప్పు కొండవోయి సూడు. పప్పు సుత గట్లనే సల్లారుతది."

"కోడి కూర సల్లారే తీరు వేరే ఉంటదే."

మూడు రోజులు, మూడు కోళ్ళు. ప్రతిసారీ బడి గేటు దాకా పోవడం, గేటును చేత్తో ముట్టుకోవడం, అక్కడే డబ్బా మూత తీసి కూరలో వేలు పెట్టడం, తిరుగుముఖం పట్టడం. సిద్దిపేటలో వేలు చురుక్కుమంది. దౌల్తాబాద్ దగ్గరే అయినా బస్సులు తక్కువ, కూర గోరువెచ్చన. మూడో బడి గేటు దగ్గర మూత తీస్తే నూనె పేరుకుని తెల్లగా తెట్టు కట్టి ఉంది. లెక్క తేలిపోయింది.

మూడో రోజు సాయంత్రం దీక్షిత వచ్చి అతని ముందు కూర్చుంది.

"లోపల ఎట్లున్నది బాపూ?"

"దేంట్ల లోపల?"

"బడి లోపల."

"లోపలికి నేనెందుకు పోత? గేటు ముట్టుకొని వచ్చిన."

"మూడు బళ్ళకు గేటు దాకనే పోయినవా!"

మగ్గం మీద అడ్డపోగు మోసే నాడె కూడా అంతే. అంచును తాకుతుంది, వెనక్కి వస్తుంది. ఇరవై ఏళ్ళు ఆ నాడెను ఆడించినవాడికి అంచు దాటి పోవాలని తోచలేదు.

"గా దూరపు బడిల ఉరికేటందుకు పెద్ద గ్రౌండ్ ఉన్నదట. సున్నంతోని గీతలు గీస్తరట. శ్వేత టీచర్ చెప్పింది. నిజమేనా?"

"ఏమో బిడ్డా. రోడ్డు మీదయితే దుమ్ము మస్తున్నది."

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో రాజనర్సుకు తెలుసు. వాడలో నేతకు పొడుగు దారాల పడుగు సాచినప్పుడు, ఆ చివర పోగు తెగితే ఈ చివరికి కబురు మోసేది దీక్షితే. పిలిచిన మాట గాలిలో సగం దారిలో ఉండగానే పిల్ల ఉరికొచ్చి ఎదురుగా నిలబడుతుందని వాడలో అంటారు.

దరఖాస్తుకు రెండు రోజులే గడువు. మర్నాడు బిడ్డను వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు పోయాడు. సిద్దిపేట, దౌల్తాబాద్, చివరికి దూరపుది అని వరుస చెప్పాడు. దత్తాత్రి టకటకా కొట్టాడు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది.

"కూసో అన్నా. నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది, అది చెప్తే అయిపాయె."

రాజనర్సు కూర్చున్నాడు, లేచాడు. చక్రం తిరుగుతూనే ఉంది. "గిట్లవోయి గట్లొస్త" అని రోడ్డెక్కాడు. బిడ్డ కూడా వెంట నడిచింది. పెట్రోల్ బంకు దగ్గరికి చేరేసరికి జేబులో ఫోన్ టింగుమంది. వెంటనే దత్తాత్రి నుంచి కాల్.

"అన్నా, నంబర్ చెప్పు, జల్ది!"

మాట్లాడుతూ మెసేజ్ తెరవడం ఆ ఫోన్‌కు రాదు, రాజనర్సుకు అసలే రాదు. కాల్ కట్ చేసి, మెసేజ్ వెతికి, మళ్ళీ కలిపేసరికి గడువు దాటింది. ఇలా మూడుసార్లు. మూడోసారి అతను మార్కెట్ యార్డు దగ్గర ఉన్నాడు.

"ఇగ ఇయ్యాల తీసుకోదట" అన్నాడు దత్తాత్రి, తిరిగొచ్చిన అతన్ని కోపంగా చూస్తూ. "రేపు సాయంత్రం అయిదు వరకే టైమ్. రేపొచ్చి గీ కుర్చీల కూసో. తాడుతోని కట్టేస్త నిన్ను."

ఇంటి దారిలో దీక్షిత మెల్లగా అంది: "బాపూ, ఇంకా పోలేదు గద పేరు. నేను ఒక్కసారి సూడొద్దా?"

"గంత దూరం బస్సుల నీతోనేమయితది బిడ్డా?"

"వాంతి వచ్చేటట్టుంటే దిగుదాం. ముందటి స్టేజీ దాక నడుద్దాం. నువ్వెట్లనో నడుస్తనే ఉంటవు గదా."

అతను నడుస్తున్నవాడు ఆగిపోయాడు. నిజంగానే ఆగాడు. వెనక వస్తున్న సైకిలతను గుద్దబోయి తప్పుకుని తిట్టుకుంటూ పోయాడు.

మర్నాడు ఆరు గంటలకు తండ్రీబిడ్డలు మొదటి బస్సెక్కారు. సంగీత అన్నం, కూర డబ్బా సంచిలో పెడుతూ, "నాలుగో కోడి. వాడల కోళ్ళు మన ఇంటి తోవ బంద్ చేసినయి" అంది. రాజనర్సు కళ్ళు బిడ్డ గొంతు మీదే ఉన్నాయి. మొదటి గుటక పడగానే "ఆపుండ్రి!" అన్నాడు. దిగారు, నడిచారు. చలిగాలికి పిల్ల ముఖంలో రంగు తిరిగొచ్చింది. రెండో బస్సు. మూడో బస్సు. తొమ్మిదో ఎక్కం, పదమూడో ఎక్కం రోడ్డు పక్కనే అప్పజెప్పింది. సిద్దిపేట దాటాక నాలుగు, ఐదు, ఆరు. ఆడపిల్లలకు బస్సు ఉచితం కాబట్టి ఎక్కినప్పుడల్లా ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకుంది. ఏడో బస్సు కండక్టరు ఆమె పిడికిట్లో టికెట్లు చూసి నవ్వాడు.

"ఒక్క పొద్దుగాలనే ఏడు సున్నాలు! పరీక్షల గిట్ల తేకు బిడ్డా."

పదకొండున్నరకు దూరపు బడి గేటు ముందు నిలబడ్డారు. రాజనర్సు అలవాటుగా చెయ్యి చాపి గేటును ముట్టాడు. లోపలి నుంచి వాచ్‌మన్ ఇస్తారి తొంగి చూశాడు.

"నువ్వు మొన్న వచ్చినోనివే గదా? గేటుకు మొక్కి, కూరల వేలు వెట్టి ఉరికినవు! వంటోళ్ళంత బయటికొచ్చి సూసిన్రు. ఏం మందు వెట్టిపోయినవో అని ఆ జాగ సుత కడిగించినం."

"మందు గాదన్నా. మా బిడ్డను ఈడ ఏద్దామని..."

"ఏసేటోడివి లోపలికి రావాలె గని, గిదేం సూసుడు?"

రిజిస్టర్లో పేరు రాయించుకుని లోపలికి వదిలాడు. గ్రౌండులో పిల్లలను ఉరికిస్తున్న వందన మేడమ్, దీక్షిత చూపు ఎక్కడుందో కనిపెట్టింది. "ఒక్క రౌండ్ ఉరుకుతవా?" అంది. పిల్ల చెప్పులు విడిచి తండ్రి చేతిలో పెట్టింది.

ఎర్రమట్టి మీద తెల్ల సున్నం గీతలు. విజిల్ మోగింది. పెద్ద పిల్లలు ముందుకు పోయారు, దీక్షిత చివరన. మలుపులో ఒకరిని దాటింది, ఎదుటి వైపు పోయాక ఇంకొకరిని. చెప్పులు పట్టుకుని నిలబడ్డ రాజనర్సు పాదాలు మట్టిలో రెండు గుంతలు చేశాయి. పిల్ల నాలుగోదిగా వచ్చింది. రొప్పుతూ అతని చెయ్యి పట్టుకుంది.

"ఈడ ఎవలు ఆపరు బాపూ."

గోడ నీడలో కూర్చుని డబ్బా తెరిచారు. నూనె తెల్లగా తెట్టు కట్టి ఉంది. పిల్ల తెట్టుతో సహా అన్నంలో కలుపుకుని, తిని, గిన్నె నాకి పక్కన పెట్టింది. కూర వేడా చల్లనా అన్న మాటే ఆమె నోట రాలేదు. రాజనర్సు ఖాళీ గిన్నెను చాలాసేపు చూశాడు.

ఒంటిగంట దాటింది. ఐదులోపు దుబ్బాకలో ఉండాలి. మళ్ళీ ఏడు బస్సులైతే కష్టం. బస్సెక్కి బిడ్డ గొంతు చూస్తూ కూర్చున్నాడు. గుటక పడలేదు. ఉరికిన అలసటకు పిల్ల పది నిమిషాల్లో అతని తొడ మీద తల పెట్టి నిద్రపోయింది. సిద్దిపేట బస్టాండులో భుజాన వేసుకుని దింపి, దుబ్బాక బస్సులోకి మార్చి, మళ్ళీ తొడ మీదే పడుకోబెట్టాడు. కళ్ళు తెరవలేదు.

ఆ బస్సు కదలదు. డ్రైవరు చాయ్‌కి పోయాడు. మూడూ ఇరవై. మూడున్నర. మూడూ నలభై. రాజనర్సు అరికాళ్ళలో చీమలు మోకాళ్ళ దాకా ఎక్కాయి. లేచి ముందటి స్టేజీకి నడిస్తే ప్రాణం హాయిగా ఉండేది. కానీ లేస్తే పిల్ల లేస్తుంది. లేస్తే గుటక పడుతుంది. అతను కదల్లేదు. పాదాలు మాత్రం బస్సు రేకు మీద మగ్గం తొక్కుతున్నాయి.

ముందు సీటు మనిషి వెనక్కి తిరిగాడు. "ఓ అన్నా, నా సీటు దడదడలాడుతున్నది!"

"జర ఓర్సుకో అన్నా, బిడ్డ పన్నది."

కిటికీలోంచి చూస్తే సిద్దిపేట. ఈ ఊరి బడిని ముందు రాస్తే కూర పొగలు కక్కుతూ చేరుతుంది. మధ్య ఆదివారాల్లో కూడా వచ్చి గేటు ముట్టుకుని పోవచ్చు. కానీ అతను కొలిచింది అంతా గేటుకు ఇవతలిదే. తన నడక, తన కూర, తన వేలు. బిడ్డ ఎనిమిదేళ్ళు ఉండేది గేటుకు అవతల. ఆ మాట తోచగానే పాదాలు ఇంకా గట్టిగా తొక్కాయి. నాలుగు గంటలకు ఐదు నిమిషాలుందనగా డ్రైవరు వచ్చాడు.

నెట్ సెంటర్ గడప తొక్కేసరికి ఐదుకు పది నిమిషాలుంది. దత్తాత్రి కుర్చీ చూపించాడు. రాజనర్సు కూర్చుని రెండు కాళ్ళనూ కుర్చీ కోళ్ళకు మెలివేశాడు.

"నిన్నటి వరుసనే గదా?"

"కాదు. దూరపుది ముందట వెట్టు."

"నిన్న చివరికి అన్నవు!"

"నిన్న నాకు తెల్వది."

చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. రాజనర్సు నుదుటి మీద చెమట పట్టింది. కుర్చీ కిర్రుమంది. ఫోన్ టింగుమనగానే దీక్షిత లాక్కుని ఆరు అంకెలూ చదివింది. ప్రింటరు ఒక కాగితాన్ని మెల్లగా బయటికి నెట్టింది.

"నువ్వు కూసున్నవంటే ఎవలు నమ్మరన్నా" అన్నాడు దత్తాత్రి. "ఫొటో తీయకపోతిని."

ఇంట్లో సంగీత ఆ కాగితాన్ని చూసింది. మొదటి పేరు చూసి చేతిలోని ఆకును చేటలో పడేసింది.

"గంత దూరం? నెలకొక్కసారి గూడ సక్కగ పోతమా? కూర ఏమయింది?"

"సల్లగయింది. గిన్నె నాకింది."

సంగీత ముక్కు ఎగబీల్చి ఆకును మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"గట్లయితే పచ్చడి పెడుదాం. పచ్చడికి సల్లారుడు లేదు." ఒక బీడీ చుట్టి దారం కట్టాక అడిగింది: "ముందుగాల సీటు రావాలె గదా. పరీక్ష ఏడ?"

"సిద్దిపేటల. ఆదివారం పదకొండింటికి."

"నిద్రవోతే వాంతి కాదు గని, పరీక్షకు నిద్రమొఖంతోని పోతదా? మీరిద్దరు నడుసుకుంట, ఎక్కుకుంట, దిగుకుంట రాండ్రి. హాల్‌టికెట్టు నా సంచిల వెట్టుకొని నేను బస్సుల సక్కగ పోత. మీరొచ్చేదాక గేటు కాడ నిలవడత. నాకు నిలవడొస్తది."

దీక్షిత పకపకా నవ్వింది. రాజనర్సు అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఇప్పుడేడికి?"

"సిద్దిపేట తోవకు. ఏ స్టేజీకి ఏ స్టేజీ ఎంత దూరమో అడుగులు లెక్కవెట్టుకొని వస్త" అన్నాడు అతను, గడప అవతలి నుంచి.