మా చౌడు మిద్దెకు ఇన్సూరెన్స్

మాది చౌడు మిద్దె. ఏటా వానలకు ముందు మా నాయన హొళగుంద దారి నుంచి చౌడుమన్ను తోలించి, కప్పు మీద పరిచి, తొక్కి గట్టి చేస్తాడు. ఈసారి అదీ నిలవలేదు. పోయిన నెల కురిసిన వానకు వీధి వైపు గది కప్పు కూలిపోయింది. ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాం.

ఈ రోజు పొద్దున మున్సిపల్ ఇంజనీరును కలిస్తే, మళ్లీ మట్టి కప్పు వేస్తే ఒప్పుకునేది లేదన్నాడు. పిల్లర్లు లేపి, స్లాబు వేసి, వీధి వైపు జాగా వదలాలట. మధ్యాహ్నం ఆదోని నుంచి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి, విరిగిన దూలాలు లెక్కపెట్టి, కూలిన మన్నుకు ఫోటోలు తీసుకున్నాడు.

"స్లాబుకు ఇస్తారా?" అని అడిగాను.

"పడింది మట్టి మిద్దె కదా సార్, దానికే ఇస్తాం. మున్సిపాలిటీ రూల్ ప్రకారం కట్టుకునే ఖర్చు పాలసీలో లేదు" అన్నాడు.

మా నాయన మన్నుకుప్ప మీద నుంచి లేచి, "అట్లయితే ఆ మట్టి మిద్దె నువ్వే ఏసిపో అప్పా. మున్సిపాలిటోళ్లు అడిగితే నీ పేరు సెప్తాం" అన్నాడు.

సర్వేయర్ నవ్వి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. నాకైతే నవ్వు రాలేదు. పాలసీ అంటగట్టినప్పుడు ఏజెంటు ఇదే కప్పు కింద చాప మీద కూర్చుని టీ తాగి పోయాడు. ఇది పడితే మళ్లీ ఇట్లా కట్టనివ్వరని అప్పుడు ఒక్క మాట చెప్పలేదు. కట్టకూడని ఇంటికి డబ్బులిస్తారట, కట్టి తీరాల్సిన ఇంటికి ఇవ్వరట.

మీ పాలసీ కాగితాలు ఒకసారి బయటికి తీసి చదవండి. మీదీ ఇంతేనా, చెప్పండి. మేం ఇంట్లోనే ఉంటాం, టార్పాలిన్ పట్ట కింద.